పదకొండు సెకన్లు

"మేం లేమనుకొని చెయ్యి అసిరమ్మా. రోజూ ఎలా చేస్తావో అలాగే," అంది జయమణి.

లేరనుకోమంటే ఎలా అనుకుంటుంది? మంచం చుట్టూ ఆరుగురు నర్సులు నిలబడ్డారు. కాళ్ళ వైపు అట్టా పెన్నూ పట్టుకొని భార్గవ్ ఉన్నాడు. అందరికన్నా ముందు, ఎడంచేతి బొటనవేలు స్టాప్‌వాచ్ మీట మీద పెట్టి, పరుగు పందెం విడిచిపెట్టే డ్రిల్లు మాస్టారిలా జయమణి. అసిరమ్మ పధ్నాలుగేళ్ళుగా ఆయాగా ఆ వార్డులో దుప్పట్లు మారుస్తోంది. ఆమె దుప్పటి మారుస్తుంటే ఎవరైనా నిలబడి చూడటం ఇదే మొదలు. చీర కొంగు బొడ్లో దోపి, ఓసారి దగ్గి, పని మొదలుపెట్టింది.

తెలుగువాళ్ళు పనికోసం వలసొచ్చి స్థిరపడ్డ ఆ ఉత్తరాది ఉక్కు ఊళ్ళో, బిష్టుపూర్ మార్కెట్ వెనకున్న ఆ ప్రైవేటు ఆస్పత్రిలో రెండు నెలలుగా ఇదే గోల. కార్ల ఫ్యాక్టరీల్లో జపాను వాళ్ళు కనిపెట్టిన పద్ధతిట, లీన్ అంటారట. పనిలో వృథా ఎక్కడుందో వెతికి తీసెయ్యాలి. అలా తీసేస్తే హడావిడి తగ్గుతుంది, హడావిడి తగ్గితే ప్రమాదాలు తగ్గుతాయి. చెప్పేవాడు భార్గవ్. ఆ ఊళ్ళోనే సోనారి పేటలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. ఆదిత్యపూర్‌లో ఓ చిన్న ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి, ఇప్పుడు ఆస్పత్రులు తిరిగి నర్సులకు ఈ పాఠాలు చెబుతున్నాడు. మంచివాడే. వాడి నోట్లో 'వృథా' అన్న మాట మాత్రం ఊతపదం అయిపోయింది.

మెట్ల పక్కన గోడకి ఆకుపచ్చ బోర్డొకటి పెట్టించాడు. 'ప్రమాదం లేని రోజులు' అని పైన రాసి ఉంటుంది. కింద మేకులకి తగిలించే రేకు అంకెలు. ఆ రోజు 89. నూరోరోజున పెద్దవాళ్ళొస్తారు, కేకు కోస్తారు, ఫొటో తీస్తారు, మగవాళ్ళ వార్డుకి షీల్డు ఇస్తారు. ఆ వార్డు సిస్టర్ జయమణి. యాభై ఒకటో ఏట ఇలాంటి కొత్త పిచ్చి పట్టుకోవడం చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు గాని, ఆమెకు ఈ పద్ధతి నిజంగానే నచ్చింది. ఊరికే కూర్చోలేని మనిషి. ఎదటివాళ్ళు ఊరికే కూర్చుంటే అసలే చూడలేదు.

అసిరమ్మ పాత దుప్పటి లాగి నేలమీద సంచిలో పడేసింది. వంగి, అరచెయ్యి బోర్లించి, పరుపు అంచు మీద కాళ్ళ వైపు నెమ్మదిగా రాసింది. పిల్లాడికి జ్వరముందేమో చూసినట్టుగా, ఒత్తకుండా. తర్వాత తలగడ ఎత్తి దాని కింద ఇంకోసారి రాసింది. అప్పుడు కొత్త దుప్పటి దులిపి పరిచి, మూలలు మడిచి పరుపు కిందికి తోసింది.

జయమణి మీట నొక్కింది. "ఐదు నిమిషాల ఇరవై. మధ్యలో అదేటి, పరుపు మీద చెయ్యి రాశావు?"

"ఏటమ్మా?"

"కాళ్ళ వైపోసారి, తలగడ కిందోసారి. రెండుసార్లు రాశావు."

అసిరమ్మ జయమణి మొహంలోకి చూసింది. తర్వాత భార్గవ్‌ని చూసింది. తర్వాత నేలకేసి చూసింది. "అలవాటమ్మా."

"ఎందుకు?" అన్నాడు భార్గవ్. ఏ పని చూసినా 'ఎందుకు' అని ఐదుసార్లు అడగాలన్నది అతని పాఠాల్లో పెద్ద సూత్రం.

"అలవాటు బాబూ."

"అదే, ఎందుకలా అలవాటైంది?"

"మాయమ్మ కూడా అలాగే సేసీది."

నర్సులు గొల్లున నవ్వారు. భార్గవ్ కూడా నవ్వేశాడు. ఐదుసార్లు అడగాల్సినవాడు రెండుతో సరిపెట్టాడు. అవతల టీ చల్లారిపోతోంది మరి. జయమణి అట్ట తీసుకొని తన గుండ్రని ఎడంచేతి రాతతో రాసింది: 'పరుపు మీద చేత్తో రాయడం. 11 సెకన్లు. అనవసరం.' దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది. దుప్పట్లు వరస ప్రకారం బండి మీదే పెట్టుకోవాలి, సంచి కుడి వైపు కట్టుకోవాలి, అటూ ఇటూ రెండుసార్లు తిరగకూడదు. అన్నీ కలిపి మూడోరోజుకి అసిరమ్మ నాలుగు నిమిషాల పదికి వచ్చేసింది. ఆ వరసంతా టైపు కొట్టించి, అట్టకి ప్లాస్టిక్ తొడిగించి గోడకి తగిలించారు. కింద 'తయారుచేసినది: సిస్టర్ జయమణి' అని ఉంది. వచ్చేపోయేవాళ్ళు చదువుతుంటే జయమణికి ముచ్చటేసేది. అందులో అబద్ధమేముంది?

బోర్డు మీద 96 తగిలించిన బుధవారం నాడు పొద్దున్నే వార్డు కిటకిటలాడిపోయింది. పదిహేడో నంబరు మంచం ముసలాయనకు డ్రిప్పు పెట్టడానికి మోనికా రెండుసార్లు గుచ్చింది, నరం దొరకలేదు. మోనికా కొత్త పిల్ల. ఆరు నెలల కాంట్రాక్టు మీద చేరింది, నెలాఖరుకి అయిపోతుంది. "దీదీ!" అని పిలిస్తే జయమణి వెళ్ళి, ముసలాయన చెయ్యి రెండుసార్లు తట్టి, ఒక్క పోటుకి ఎక్కించేసింది. ఎంత ఎండిపోయిన చేతిలోనైనా నరం పట్టడంలో ఆ ఆస్పత్రిలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆ పని అయ్యీ అవకుండానే నాలుగో మంచం దగ్గర ఎవడో వాంతి చేసుకున్నాడు. అటు పరిగెత్తింది.

పదిన్నరకి ముసలాయనని ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. అసిరమ్మ బండి తోసుకుంటూ పదిహేడు దగ్గరికొచ్చింది. జయమణి అటు పక్కన మందుల బల్ల దగ్గర మాత్రలు లెక్కపెడుతోంది. 'స్' అని చిన్న చప్పుడు వినిపించింది. నర్సు చెవికి ఆ చప్పుడు చాలు. తలెత్తి చూస్తే అసిరమ్మ కుడిచేతి చూపుడువేలు కొంగులో చుట్టుకొని, రెండో చేత్తో దుప్పటి మూల తోస్తోంది. తెల్ల దుప్పటి మీద పావలా అంత ఎర్రటి మరక.

"ఏటయింది?"

"ఏటీ నేదమ్మా. గోరు సిట్లింది."

"గోరు చిట్లిందా? ఏదీ చూడనీ." కొంగు విప్పి వేలు చూసింది. చివర సన్నటి చుక్క. నొక్కితే మళ్ళీ ఊరింది. జయమణి తలగడ ఎత్తింది. పరుపు మూల, రెక్సిన్‌లోకి ఏటవాలుగా దిగబడి డ్రిప్పు సూది ఉంది. దాని మొన పక్కకి పొడుచుకు వచ్చింది. పటకారుతో లాగి, వాడేసిన సూదుల డబ్బాలో వేసింది. అసిరమ్మని జబ్బ పట్టుకొని కొళాయి దగ్గరికి లాక్కుపోయి, సబ్బుతో ఐదు నిమిషాలు కడిగింది. కడుగుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. అసిరమ్మని కాదు. సూదిని పరుపులో వదిలేసిన మనిషిని.

పదిహేడు ఫైలు మీద ఎర్ర కాగితం అంటించి ఉంది. ముసలాయన ఒంట్లో బి రకం కామెర్ల పురుగు ఉంది, రక్తంలో పాకే రకం. నర్సులందరికీ దానికి టీకాలు పడ్డాయి, మూడేసి డోసులు. ఆయాలు కాంట్రాక్టు మనుషులు. వాళ్ళకి ఎవరూ వెయ్యలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"అసిరమ్మా, విను. దీనికి రక్షణ ఇంజెక్షన్ ఉంది. రేపు ఈ వేళలోపు పడాలి. ఎంత తొందరగా పడితే అంత మంచిది. పద, రాయిద్దాం."

"అమ్మా, మీ కాళ్ళట్టుకుంతాను, రాయించకండి." అసిరమ్మ తడి చెయ్యి లాక్కుంది. "బలరాం బాబుకి తెలిత్తే రేపట్నించి రావద్దంతాడు. పోయినేడు చిన్నారావు పెళ్ళాం మెట్ల కాడ పడితే ఏం సేసినాడు? కాలు బాగయ్యేలోగా ఇంకో మనిసిని ఎట్టీసినాడు."

బలరాం అంటే ఆయాలని సప్లై చేసే కాంట్రాక్టరు మనిషి.

"నీకు రోగమొస్తేనో?"

"అప్పుడు సూద్దారి," అని అసిరమ్మ బండి తోసుకుంటూ పద్దెనిమిదో మంచానికి పోయింది.

జయమణి కాలు నిలవలేదు. తిన్నగా మేట్రన్ లీలా మేడమ్ గదికి వెళ్ళింది. మేట్రన్ దుర్మార్గురాలేం కాదు. ఇరవై ఏళ్ళు నర్సుగా నిలబడి, పదేళ్ళుగా కుర్చీలో కూర్చున్న మనిషి. అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ మందు స్టోర్‌లో రెండు సీసాలే ఉంది జయమణీ. స్టాఫ్ కోసం ఉంచింది."

"ఒకటి ఇప్పించండి."

"ఎలా ఇప్పిస్తాను? ఆమె మన మనిషి కాదు. ప్రమాదం ఫారం నింపాలి. మన స్టాఫ్ పొరపాటు వల్ల జరిగిందంటే మన ఖర్చు, మన మందు. ఎవరి సూదో తేలకపోతే కాంట్రాక్టరు చూసుకోవాలి."

"ఆ కాంట్రాక్టరు చూసుకుంటాడా మేడమ్? ఉద్యోగంలోంచి తీసేస్తాడు."

"నాకు తెలీదా? రూలు చెప్తున్నాను." మేట్రన్ కళ్ళద్దాలు పెట్టుకుంది. "అసలు ఆమే వద్దంటోంది అంటున్నావు. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? బోర్డు 96 మీద ఉంది. కాంట్రాక్టు మనుషులు ఆ లెక్కలోకి రారు కాబట్టి అదలాగే ఉంటుంది. నీకు అంత పట్టుదలగా ఉంటే ఒక పేరు పట్టుకురా. ఫారంలో 'సూది ఎవరిది' అన్న గడి ఉంది చూడు, అది ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టలేను."

పేరు. అదెంతసేపు? ఆ మంచానికి పొద్దున్న మూడు సూదులు వాడారు. రెండు మోనికావి, రెండూ తప్పినవి. కంగారులో ఏది ఎక్కడ పడేసిందో దానికే తెలీదు. జయమణికి అంతా అద్దంలో కనిపించినట్టే ఉంది. మోనికాని దుప్పట్లుంచే లినెన్ గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"పదిహేడుకి వాడిన సూదులేం చేశావు?"

"డబ్బే మే డాలా దీదీ. రెండూ డబ్బాలోనే వేశాను," అంది మోనికా. తెలుగువాళ్ళ పిల్లే గాని ఈ ఊళ్ళో పుట్టింది. హిందీ ముందొస్తుంది, తెలుగు వెనకాల నడుచుకుంటూ వస్తుంది.

"మరి పరుపులోకి ఆకాశం నుంచి ఊడిపడిందా? ఆ మనిషి రక్తం చూశావా నువ్వు? ఆరు నెలలయింది వచ్చి, గుచ్చడం రాదు సరే, గుచ్చింది తియ్యడం కూడా రాదా?"

"కసమ్ సే దీదీ, ఒట్టు, నేను లెక్కపెట్టి వేశాను..." మోనికా ఏదో అనబోయింది. నోరు తెరిచి, జయమణి చేతికేసి ఒక్క క్షణం చూసి, మళ్ళీ మూసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"ఏడుపు తర్వాత. రేపు పొద్దున్న డ్యూటీకి రాగానే, గడువు దాటకముందే, నువ్వే రాసి సంతకం పెట్టాలి. లేకపోతే ఆ ముసల్ది చస్తుంది, ఆ పాపం నీది." అంత మాట అనేసి బయటికొచ్చింది. అన్నాక ఆమెకే కొంచెం ఎక్కువైందనిపించింది. అనిపిస్తే ఏం, అనేశాక ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

రెండింటికి డ్యూటీ దిగి, ఆటోలో సోనారి చేరింది. ఇంట్లో ఒక్కచోట కూర్చోలేకపోయింది. అన్నం కంచం ముందు పెట్టుకొని గడియారం చూసింది. నాలుగు గంటలయింది గుచ్చుకొని. ఉతికిన బట్టలు మళ్ళీ మడతలు పెట్టింది. కిటికీ ఊచలు తుడిచింది. ఆస్పత్రికి ఫోను చేసి, ఎవరో ఎత్తగానే ఏం అడగాలో తోచక పెట్టేసింది. భర్త రత్నకుమార్ పొద్దుటి షిఫ్టు చేసొచ్చి పడుకుని లేచాడు. ఈ తిరుగుడంతా చూసి, ఊరికే ఉండలేక చొక్కా ఒకటి తెచ్చి ఒళ్ళో పడేశాడు.

"ఇదిగో, రెండు బొత్తాలు ఊడిపోనాయి. కాళ్ళు ఆడించే బదులు చేతులాడించు."

జయమణి మంచం మీద కూర్చొని సూదిలో దారం ఎక్కించింది. మొదటి బొత్తం కుట్టి ముడేసి, దారం కొరికి, రెండో బొత్తం కోసం డబ్బా వెతికింది. రత్నకుమార్ టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చోబోయి, ఉలిక్కిపడి లేచాడు.

"ఏటే ఇది! మళ్ళీ పరుపులో గుచ్చావా? ముప్ఫై ఏళ్ళయి చెప్తన్నాను. ఓసారి నా వీపులో దిగింది కూడా, గుర్తుందా?"

జయమణి చూసింది. తన ఎడంచేతి పక్కన, తలగడ అంచున, పరుపులోకి ఏటవాలుగా దిగి సూది ఉంది. తెల్లదారం దాని చివర వేలాడుతోంది. ఎప్పుడు గుచ్చిందో తెలీదు. గుచ్చినట్టే తెలీదు.

ఆమె టీ తాగలేదు. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఏం జరిగిందో మెల్లగా, వద్దన్నా ఆగకుండా, ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ముసలాయన చెయ్యి తన కుడిచేత్తో అదిమి పట్టుకుంది. సన్న గొట్టం నరంలోనే వదిలి, దాని లోపలి సూది ఎడంచేత్తో లాగింది. గొట్టం తగిలించాలి, ప్లాస్టర్ అంటించాలి, రెండు చేతులూ కావాలి. సూదుల డబ్బా వార్డు మొదట్లో, భార్గవ్ గీయించిన పసుపు రంగు గళ్ళో ఉంది. ఇరవైమూడు అడుగుల దూరం. సూది ఎక్కడ పెట్టింది? ప్లాస్టర్ అంటించడం గుర్తుంది. నాలుగో మంచం వాడి వాంతి గుర్తుంది. మధ్యలో సూది లేదు.

"స్కూటర్ తియ్యండి," అంది.

"ఎక్కడికే?"

"తియ్యమన్నానా!"

వార్డులో సాయంత్రం డ్యూటీ వాళ్ళు ఆమెని చూసి కంగారుపడ్డారు. జయమణి ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదో మంచం ఖాళీగా ఉంటే దుప్పటి ఎత్తి చూసింది. రెక్సిన్ మీద కాళ్ళ వైపు అంచున సన్నటి చిల్లులు, ఓ పాతిక ఉంటాయి. నర్సులందరూ రోగికి కుడిపక్కన నిలబడే సూది వేస్తారు. కుడిచేతివాళ్ళకి కుడిచెయ్యి రోగి కాళ్ళ వైపు ఉంటుంది. అక్కడ గుచ్చి, పని చూసుకొని, తర్వాత తీస్తారు. అంటే ఆ పాడలవాటు తనొక్కదానిది కాదు. ఆ మాటకి ఒక్క క్షణం ఊపిరి తేలికపడింది. వెంటనే తలగడ ఎత్తింది. అక్కడ ఇంకా ఎక్కువ చిల్లులున్నాయి. దోసెపెనం మీద పిండి పొంగినట్టు చిల్లులే చిల్లులు. పదకొండులో చూసింది. పధ్నాలుగులో చూసింది. ప్రతి మంచానికీ తలగడ వైపు అంతే. ఆ వార్డులో ఎడంచేతి వాటం మనిషి ఒక్కతే ఉంది.

దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అలా నిలబడిపోయింది. కాకపోతే ఈ తేలు కుట్టింది దొంగని కాదు.

మేట్రన్ ఇంటికి బయల్దేరుతూ చేతిసంచి భుజాన వేసుకుంటోంది. జయమణి ఫారం బల్ల మీద పెట్టింది. 'సూది ఎవరిది' అన్న గడిలో పేరు, ఉద్యోగం నంబరు, సంతకం. మేట్రన్ చదివి, కళ్ళద్దాలు సర్దుకొని మళ్ళీ చదివింది.

"నువ్వా?"

"నేనే."

"ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూళ్ళేదు."

"మరింకేం?" అని గొంతు తగ్గించింది. "ఇరవై ఆరేళ్ళ సర్వీసు. మెమో ఇవ్వాల్సొస్తుంది. వార్డు సిస్టర్ పదవి కూడా... ఆలోచించుకో జయమణీ. ఇంకా నాలుగు రోజులే ఉంది నూరుకి."

"ఎనిమిది గంటలైంది మేడమ్ ఆ మనిషికి గుచ్చుకొని. తాళాలివ్వండి."

మేట్రన్ సంతకం పెట్టింది. తాళాలగుత్తి బల్ల మీదికి తోసింది గాని జయమణి మొహం చూడలేదు.

భుయ్యాడీహ్ బస్తీలో అసిరమ్మ ఇల్లు నది వైపు చివరి సందులో ఉంది. స్కూటర్ పోదు. రత్నకుమార్‌ని సందు మొగలో నిలబెట్టి జయమణి లోపలికి నడిచింది. కొళాయి దగ్గర బిందెలు వరస కట్టి ఉన్నాయి. అసిరమ్మ తన బిందె పక్కన గొంతుక్కూర్చొని ఉంది. వేలికి పసుపు గుడ్డ చుట్టుకుంది. జయమణిని చూసి గబుక్కున లేచింది.

"అమ్మా! మీరేటి, ఇక్కడ?"

"పద. ఇంజెక్షన్ తీశాను. బలరాం సంగతి నేను చూసుకుంటాను, ఫారంలో ఆస్పత్రి పొరపాటని రాశాను. నిన్ను ముట్టుకోలేడు."

అసిరమ్మ కదల్లేదు. "ఆ పిల్ల మీద రాసీసినారా? మోనికామ్మ మీద? అమ్మా, తప్పు. ఆ పిల్లది కాదు."

"నాకు తెలుసు. నాది. నా పేరే రాశాను." జయమణి ఇంకో అడుగు దగ్గరికి వేసింది. "అసిరమ్మా, ఆ సూది నాది."

"తెలుసమ్మా," అంది అసిరమ్మ.

"ఏటి తెలుసు?"

"మీదేనని. తలగడేపు ఉంతే మీదే. కాళ్ళేపు ఉంతే మిగతా అమ్మలది." బియ్యంలో రాళ్ళ గురించి చెబుతున్నట్టు చెప్పింది. "మీరు పనిలో మర్సిపోతారు గదా. దుప్పటి మార్సినప్పుడు సేత్తో సూసి, ఉంతే తీసి డబ్బాలో యేసీదాన్ని. కాళ్ళేపోసారి, తలగడ కిందోసారి. యారానికి రెండో మూడో దొరికీవి. ఇప్పుడు సూడొద్దన్నారు గదా, అట్ట మీద రాసీసినారు. సూడకండా తోసీసినాను, గుచ్చుకుంది."

కొళాయి కింద బిందె నిండి పొంగిపోతోంది. వెనకాల ఎవరో హిందీలో అరుస్తున్నారు. జయమణికి వినిపించలేదు. ఇన్నాళ్ళూ తను సూది వదిలెయ్యడమన్నది లేదని పదిమందిలో చెప్పుకునేది. ఎప్పుడైనా గుర్తొచ్చి వెనక్కి వెళ్ళి చూస్తే పరుపులో సూది ఉండేది కాదు. తనే పడేసి ఉంటాననుకునేది. పధ్నాలుగేళ్ళు అలా అనుకుంది.

"ఆ రోజు అడిగాం గదే నిన్ను! ఎందుకు రాస్తున్నావని అందరం అడిగాం. అలవాటని చెప్పావు. మీయమ్మ కూడా చేసేదన్నావు. ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

అసిరమ్మ బిందె పక్కకి జరిపింది. "అంతమంది అమ్మలున్నారు. ఆ బాబు రాసుకుంతన్నాడు. మీరు గడియారం అట్టుకుని నిలబడ్డారు. అప్పుడెలా సెప్తానమ్మా, మీ సూదుల కోసవని?"

రత్నకుమార్ స్కూటర్ మీద ముగ్గురూ ఇరుక్కొని బిష్టుపూర్ వచ్చారు. ఇంజెక్షన్ జయమణి తనే వేసింది. సూది లాగి, దూది అదిమి పట్టమని అసిరమ్మకి చెప్పి, ఇరవైమూడు అడుగులు నడిచి డబ్బాలో వేసి వచ్చింది.

మర్నాడు పొద్దున్న మొదట మోనికాని వెతికింది. ఆ పిల్ల లినెన్ గదిలోనే ఉంది, చేతిలో కాగితం. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. కాగితంలో తప్పు తనదేనని రాసుకొచ్చింది. సంతకం కూడా పెట్టింది. జయమణి ఆ కాగితం తీసుకొని నాలుగు ముక్కలుగా చింపింది.

"నన్ను చూశావు కదే, పరుపులో గుచ్చుతుంటే?"

మోనికా తలూపింది.

"చెప్పవేం మరి?"

"ఆప్‌కో కైసే బోల్తీ దీదీ," అంది మోనికా. మీకెలా చెప్తాను అని. నిన్న కొళాయి దగ్గర విన్న మాటే, ఇంకో భాషలో.

"తప్పు నాది. నిన్ననకూడని మాట అన్నాను. క్షమించు." జయమణి ఆ మాట గదిలో అనేసి ఊరుకోలేదు. వార్డు మధ్యకి తీసుకొచ్చి, నర్సులందరి ముందూ ఇంకోసారి అంది.

భార్గవ్ తొమ్మిదింటికి వచ్చాడు. మెట్ల పక్కన జయమణి స్టూలు మీదెక్కి, 96 తీసి సున్నా తగిలిస్తోంది. కింద నుంచి స్టూలు పట్టుకున్నది అసిరమ్మ. సంగతంతా విని అతను గోడ మీది అట్ట దించాడు.

"నాదీ తప్పే సిస్టర్. ఇంకా మూడుసార్లు అడగాల్సింది. ఆ పదకొండు సెకన్లు మళ్ళీ కలిపేద్దాం. నాలుగు నిమిషాల ఇరవై ఒకటి చేస్తాను."

"ఎవరికి కలుపుతావు?" అంది జయమణి.

"అసిరమ్మ పనిలోనే. అక్కడి నుంచే కదా కొట్టేశాం."

"అక్కడ కలపడమేమిటి బాబూ! మా సూదులు ఏరడం ఆమె పనా? అది వృథా కాదు, ఆమె పనీ కాదు. మా పని ఆమె చేసిపెట్టింది, అంతే. ఆ పదకొండు సెకన్లు మా వరసలో రాయి. మా నర్సులందరికీ. పైన నా పేరు రాయి." ఆగి, ఊపిరి తీసుకుంది. "నడిచి వెళ్ళి పడెయ్యాలంటే మనిషన్నవాడు మర్చిపోతాడు. డబ్బాకి పసుపు గడి గీసి అక్కడ కట్టేశావు, చూడ్డానికి బాగుంది. దాన్ని మా బండి మీదికి తెచ్చే ఉపాయం చూడు. ఆయాలకి టీకాల సంగతి మేట్రన్‌తో నేను మాట్లాడతాను. ఇవ్వకపోతే రోజూ వెళ్ళి కూర్చుంటాను."

మెమో వచ్చింది. వార్డు సిస్టర్ పదవి ఉంటుందో ఊడుతుందో కమిటీ తేల్చాలి. నూరోరోజు పండగ లేదు కాబట్టి కేకు ఆర్డరు రద్దుచేశారు. అది మోనికాకి కాస్త బాధగానే ఉంది పాపం. అసిరమ్మకి టీకా మొదటి డోసు పడింది. రక్తపరీక్ష మళ్ళీ మూడు నెలలకి చెయ్యాలి. అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పలేరు. జయమణి కేలెండర్‌లో ఆ తారీఖు చుట్టూ సున్నా చుట్టి, రోజుకోసారి దాని ముందు నిలబడుతోంది.

తర్వాతి బుధవారానికి నర్సుల బండ్లన్నిటికీ చిన్న చిన్న సూదుల డబ్బాలు బిగించారు. బోర్డు 6 మీద ఉంది. కొత్త వరస ప్రకారం ఎంతసేపు పడుతుందో చూడాలి కాబట్టి భార్గవ్ మళ్ళీ స్టాప్‌వాచ్ ఇచ్చాడు. ఈసారి మంచం చుట్టూ ఎవరూ లేరు. పదిహేడు దగ్గర జయమణి, అసిరమ్మ, ఇద్దరే.

అసిరమ్మ పాత దుప్పటి లాగింది. వేలికి గుడ్డ లేదిప్పుడు. వంగి, అరచెయ్యి బోర్లించి, కాళ్ళ వైపు అంచు మీద నెమ్మదిగా రాసింది. తలగడ ఎత్తి దాని కింద రాసింది.

"ఇప్పుడు ఉండవు అసిరమ్మా," అంది జయమణి. "డబ్బా బండి మీదే ఉంది కదా. నేను ఎప్పటికప్పుడు వేసేస్తున్నాను."

"ఉండవమ్మా," అంది అసిరమ్మ మర్యాదగా. "నాకు తెల్దేటి."

అని, తలగడ మళ్ళీ ఎత్తి, దాని కింద ఇంకోసారి చెయ్యి పెట్టింది. ఈసారి ఇంకా నెమ్మదిగా, మూల దాకా.

జయమణి గడియారం జేబులో వేసుకుంది. దుప్పటి రెండో కొస పట్టుకొని, ఆ చెయ్యి బయటికొచ్చేదాకా నిలబడింది.